రాయి తిప్పినంతసేపు

ఓబయ్య మొదటి గ్రామఫోను ప్లేటు 1949లో వచ్చింది. ఒకవైపు రైలు, రెండోవైపు పసిబిడ్డ ఏడుపు. రెండూ క్లారినెట్ మీద ఊదినవే.

ఓబయ్యది ఉదయగిరి. మంగలి మేళగాళ్ళ కుటుంబం. తండ్రి సన్నాయి ఊదేవాడు. పటాలం బ్యాండులో పనిచేసి వచ్చిన ఒకాయన ఆత్మకూరులో చనిపోతే, ఆయన భార్య ఆ క్లారినెట్టును ఇంట్లో ఉంచుకోలేక ఓబయ్య తండ్రి చేతిలో పెట్టింది. ఆయన రెండు రోజులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ మీటలతో తనకు పడదని కొడుక్కిచ్చేశాడు. అప్పటికి ఓబయ్యకు పద్దెనిమిదేళ్ళు. ముప్పై వచ్చేసరికి ఆ చుట్టుపక్కల క్లారినెట్ అంటే ఓబయ్య, ఓబయ్య అంటే క్లారినెట్.

రైలు అతను అప్పటికి ఒకే ఒకసారి నెల్లూరులో చూశాడు. ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, పెళ్ళి అయిపోయాక మూడు రోజులు స్టేషన్లోనే కూర్చున్నాడు. కదిలేటప్పుడు ఎలా రొప్పుతుంది, వంతెన మీద ఎలా మోగుతుంది, దూరమయ్యే కొద్దీ కూత ఎలా కిందికి జారుతుంది, అన్నీ విన్నాడు. ఇంటికి వచ్చి ఆరు నెలలు సాధన చేశాడు. బావమరిది పిచ్చయ్య డోలు మీద చక్రాల చప్పుడు పట్టాడు. ఉదయగిరి కొండ చుట్టుపక్కల ఊళ్ళలో రైలు చూడనివాళ్ళే ఎక్కువ. వాళ్ళకు ఓబయ్య ఊదిందే రైలు.

ఆత్మకూరు బజార్లో రామనారాయణకు గడియారాల దుకాణం ఉండేది. గ్రామఫోన్లు, ప్లేట్లు, సూదులు కూడా అమ్మేవాడు. మద్రాసు కంపెనీవాళ్ళతో అతనికి పరిచయాలున్నాయి. ఓబయ్యను, పిచ్చయ్యను వెంటబెట్టుకుపోయి ప్లేటు చేయించింది అతనే. ఆ ప్లేటు బాగా అమ్ముడుపోయింది. కావలి, పొదిలి దాకా పోయింది. ఆత్మకూరులో బస్సు దిగినవాళ్ళు కాఫీ హోటల్లో కూర్చుని రైలు విని వెళ్ళేవాళ్ళు.

ఆ తర్వాత ఏ పెళ్ళికి పోయినా అదే అడిగారు. జలదంకిలో ఒక పెళ్ళిలో తాళి కట్టే సమయానికి గట్టిమేళం అందుకోబోతుంటే పెళ్ళికొడుకు మేనమామ "రైలు పోనీరా ఓబయ్యా!" అని కేకేశాడు. ఓబయ్య రైలే ఊదాడు. తాళి రైలు కూత మధ్యన పడింది. అందరూ నవ్వారు. భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి పిలిచి, "ప్లేట్లో రెండే కూతలుండాయి. నువ్వు మూడు కూసినావే? తప్పు గదా?" అన్నాడు.

ఓబయ్య తప్పేనని ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి రెండే కూశాడు. కొన్నాళ్ళకు అతనికి తెలియకుండానే శ్వాస కూడా ప్లేట్లో తీసుకున్నచోటే తీసుకోవడం మొదలుపెట్టాడు.

1951లో రామనారాయణ రెండో ప్లేటు మాటెత్తాడు.

"ఒకవైపు బస్సు, ఇంకోవైపు ఏరోప్లేను. రాసిపెట్టుకో, రైలును మించి పోతాది," అన్నాడు.

"ఏరోప్లేను నేను చూళ్ళేదే అయ్యా. పైన చుక్క మాదిరి పోతావుంటే చూసినా, అంతే."

"ఎవురు చూసినారులేరా? నువ్వెట్టా ఊదితే అదే ఏరోప్లేను."

ఓబయ్య ముందు బస్సు పట్టాడు. ఆత్మకూరు బస్సుల దగ్గర పదిహేను రోజులు తిరిగాడు. ముందు హ్యాండిల్ తిప్పడం, ఇంజను దగ్గడం, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మూలగడం, కండక్టరు రేకు మీద కొట్టే దెబ్బ, అన్నీ నెల తిరిగేలోపే వచ్చేశాయి. ఇంట్లో ఊదుతుంటే అతని భార్య చెంచులక్ష్మి నవ్వి నవ్వి, వండుతున్నది వదిలేసి బయటికి వచ్చింది. ఓబయ్యకు మాత్రం నవ్వు రాలేదు. రైలుకు ఆరు నెలలు పట్టింది, దీనికి నెల కూడా పట్టలేదు, అంతే కదా అనుకున్నాడు. అందులో సంతోషించాల్సింది ఏమైనా ఉందా అని వెతికాడు. కనిపించలేదు.

ఏరోప్లేను అలాగే ఉండిపోయింది. ఈలోగా వానలు పోయాయి. వరసగా రెండేళ్ళు చెరువుల్లో నీళ్ళు చేరలేదు. మెట్ట పైర్లు మొలకలోనే మాడాయి. 1952లో ఆ వైపు పెళ్ళిళ్ళే జరగలేదు. జరిగినవి కూడా మేళం లేకుండా నలుగురి మధ్య కానిచ్చేశారు. సర్కారు కరువు పనులు పెట్టింది. సీతారామపురం రోడ్డుకు కంకర కొట్టే పని దొరుకుతుందని తెలిసి ఓబయ్య, పిచ్చయ్య వెళ్ళారు. పిచ్చయ్య మట్టి గంపలు మోశాడు. ఓబయ్యకు సుత్తి ఇచ్చి ఆడవాళ్ళ వరసలో చివరన కూర్చోబెట్టారు.

నాలుగో రోజే అతని ఎడమచేతి ఉంగరపు వేలు సుత్తి కింద పడింది. గోరు నల్లబడింది. క్లారినెట్ వేళ్ళ మీద నడిచే వాయిద్యం. వేలు పోతే బతుకు పోయినట్టే. తలపాగా అంచు చింపి కట్టుకుంటుంటే పక్కనున్న ముసలామె ఆ చప్పుడుకు ఇటు తిరిగింది.

ఆమె పేరు వెంగమ్మ. సీతారామపురం దగ్గర చెరువు కింద పల్లె. చెరువులో నీళ్ళున్నప్పుడు చేపలు పట్టేవాళ్ళు, లేనప్పుడు కూలికి పోయేవాళ్ళు. అరవై దాటాయి. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ఎదుట మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అయినా ఆమె వేళ్ళు పదీ సరిగ్గానే ఉన్నాయి.

"చూసి కొడతావుండావా అబ్బయా?" అని అడిగింది.

"చూడకుండా ఎట్టా కొడతారు అవ్వా?"

"చూస్తే తగుల్తాది. నోటితో కొట్టు."

ఓబయ్యకు అర్థం కాలేదు. ఆమె సుత్తి ఎత్తింది. ఎత్తుతూనే గొంతులో ఒక కూనిరాగం మొదలైంది. మాటలు లేవు, కింది స్థాయిలో సాగే ఒక ధ్వని, దెబ్బ దెబ్బకూ కొంచెం ఊగుతూ. రాయి ఇంకోవైపు తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ ధ్వని ఆగింది. ఎడమచెయ్యి వెళ్ళి రాయి తిప్పింది, వెనక్కి వచ్చింది. ధ్వని మళ్ళీ మొదలైంది, సుత్తి పడింది.

"కూత ఉన్నంతసేపూ సుత్తిది. కూత లేనప్పుడు చేతిది," అంది వెంగమ్మ. "రెండూ ఒకసారి రావు. అంతే. దీంట్లో ఏముండాది?"

ఓబయ్య అలాగే కొట్టడం నేర్చుకున్నాడు. తర్వాత వేలికి దెబ్బ తగల్లేదు.

కానీ వారం తిరిగేసరికి ఇంకొకటి అతన్ని పట్టుకుంది. చిన్నప్పటి నుంచి తాళం లెక్కలో పెరిగినవాడు. ఏ చప్పుడు విన్నా అతని తొడ మీద వేళ్ళు తాళం వేసేవి. వెంగమ్మ కూనిరాగానికి మాత్రం వేళ్ళు ఆగిపోయేవి. ఒక రాయి మూడు దెబ్బలకు పగులుతుంది. ఇంకొకటి పదకొండు దెబ్బలకు కూడా పగలదు. చిన్న రాయి తిప్పడానికి రెప్పపాటు పడితే పెద్దదానికి ఊపిరి పీల్చి వదిలినంత పడుతుంది. ఏ రెండు ఆవర్తనాలూ ఒకే కొలతలో లేవు. అలాగని ఇష్టం వచ్చినట్టూ లేదు. ప్రతి ఆగడానికీ కారణం ఉంది, అది రాతిలో ఉంది. పది రోజులు లెక్క కట్టాలని చూసి వదిలేశాడు.

ఒకరోజు క్లారినెట్ వెంట తెచ్చాడు. మధ్యాహ్నం గంజి తాగే వేళ, అలవాటు కొద్దీ కంకర పని మొత్తం ఊది వినిపించాడు. సుత్తుల టకటకలు, గంపలు పడేయడం, మేస్త్రీ కేకలు. పనివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. వెంగమ్మ గంజి ముంత కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"ఎట్టుండాది అవ్వా?" అన్నాడు ఓబయ్య.

"సుత్తి మాదిరే ఉండాది."

"బాగలేదా?"

"బాగుండాది. ఇక్కడ సుత్తులు శానా ఉండాయి గదా అబ్బయా, ఇంకోటెందుకు?"

ఆమె ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఓబయ్య క్లారినెట్ గుడ్డలో చుట్టేశాడు. ఐదారు రోజులు దాన్ని పనికి తేలేదు. చెంచులక్ష్మి ఒంట్లో బాగలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాడు.

మళ్ళీ తెచ్చినప్పుడు సుత్తిని ఊదలేదు. క్లారినెట్ అడుగు స్వరాలు పట్టాడు. పెళ్ళిళ్ళలో వాటితో పని పడదు. జనం గోలలో అవి పది అడుగులు కూడా పోవు. పదిహేనేళ్ళుగా చేతిలో ఉన్న వాయిద్యంలో ఆ కింది సగం అతను సరిగ్గా విననే లేదు. తన వంతు కంకర ముగించుకుని, వెంగమ్మ కొడుతుంటే పక్కన కూర్చుని, ఆమె కూత ఉన్నంతసేపూ తనకు తోచిన రాగం ఊదాడు. ఆమె ఆపితే ఆపాడు. మొదట్లో అతను ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యమే. ఆమె చెయ్యి రాతి మీదికి పోయాక కూడా అతని స్వరం ఇంకా సాగుతుండేది. "చెయ్యి నలిగింది," అనేది ఆమె. మరునాడు కూడా అదే మాట. నెల రోజులకు ఆ మాట అనడం తగ్గింది. మూడో నెలలో ఆమె లేనప్పుడు ఒక్కడే కూర్చుని, ఎదుట రాయి లేకుండానే ఆ రాయి ఎంతదో మనసులో పెట్టుకుని ఊదగలిగాడు. ఊదే రాగం ఆమెది కాదు, అతనిదే. ఆగడం ఆమె దగ్గర నేర్చుకున్నది.

పిచ్చయ్యకు ఇది నచ్చలేదు.

"తాళమెక్కడుండాది దీంట్లో?" అన్నాడు ఒకరోజు నడిచి ఇంటికి పోతూ.

"లేదు."

"తాళం లేకపోతే నా డోలు ఏం జెయ్యాల? గోడకు తగిలించాల్నా?"

"నీకు తోచినప్పుడు కొట్టు బావా."

"తోచినప్పుడు కొట్టేదానికి మా నాయన నాకు పన్నెండేళ్ళు ఎందుకు నేర్పినాడు? వీపు మీద బెత్తం ఇరగ్గొట్టి మరీ నేర్పినాడే!"

పిచ్చయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మామూలుగానే పొగాకు అడిగి తీసుకున్నాడు.

1953లో వానలు పడ్డాయి. కంకర పని ఆగిపోయింది. రామనారాయణ కబురు పంపాడు, బస్సు సిద్ధమేనా అని. ఓబయ్య సిద్ధమేనని చెప్పాడు. రెండోవైపు ఏరోప్లేను కాదు, ఇంకొకటి ఉంది అన్నాడు. మద్రాసుకు పోయే ముందు పల్లెకు వెళ్ళి వెంగమ్మను కలిశాడు.

"నీ దగ్గర నేర్చుకున్నది ప్లేట్లో ఊదుతా అవ్వా. నువ్వు గూడా రా. నువ్వు కూత పెట్టు, నేను పక్కన ఊదుతా."

"మద్రాసుకు పొయ్యి రాళ్ళు కొట్టమంటావా?" అని ఆమె నవ్వింది. "నేను రాను. నువ్వు ఊదుకో. ఆ రాళ్ళు నాయా ఏంది? సర్కారువి."

మద్రాసులో బస్సు మొదటిసారికే వచ్చేసింది. కంపెనీ ఇంజనీరు గాజు కిటికీ వెనక నుంచి చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. రెండోవైపుకు పిచ్చయ్య డోలు తీసుకోలేదు. "దీనికి నేను కొట్టను," అని తలుపు పక్క స్టూలు మీద కూర్చున్నాడు. గుమాస్తా కాగితం తెచ్చి రాగం ఏమిటి, తాళం ఏమిటి అని అడిగాడు. ఓబయ్య రాగం చెప్పాడు. తాళం లేదన్నాడు. గుమాస్తా ఆ గడిలో గీత గీసి, పేరున్నచోట 'కంకర పాట' అని రాసుకున్నాడు.

రికార్డింగు మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. ఓబయ్య మొదలుపెట్టాడు. రెండు చిన్న రాళ్ళు పగిలాయి. మూడోది పెద్దది. ఆగాడు. ఆగిన క్షణంలోనే దీపం ఆరింది, ఇంజనీరు తలుపు తీసుకుని వచ్చాడు.

"ఎందుకు ఆపావు?"

"ఆపలేదు సార్. రాయి తిప్పినా."

ఇంజనీరు రామనారాయణ వైపు చూశాడు. రామనారాయణ ఓబయ్యను పక్కకు తీసుకుపోయాడు. "మధ్యలో అట్టా ఖాళీ వస్తే జనం గ్రామఫోను చెడిపోయిందనుకుంటారురా. ఆ సందులో చిన్న కూత ఒకటి వెయ్యి. ఏమన్నా ఊదు. ఇంతకాడికి వచ్చి చెడగొట్టొద్దు."

"అక్కడ చెయ్యి ఉంటాది అయ్యా," అన్నాడు ఓబయ్య.

"ఏం చెయ్యి?"

"రాయి తిప్పే చెయ్యి. అక్కడ ఊదితే నలిగిపోతాది."

రామనారాయణ వ్యాపారస్తుడే గాని చెవి లేనివాడు కాదు. ఏమనుకున్నాడో, ఇంజనీరు దగ్గరికి పోయి, ఇంకొకసారి తీసుకోండి, మధ్యలో ఆగినా దీపం ఆర్పకండి అని చెప్పాడు. ఇంజనీరు ఇదే ఆఖరుసారి అన్నాడు.

రెండోసారి ఓబయ్య ఏడు రాళ్ళు కొట్టాడు. ఎనిమిదో రాయి మధ్యలో మూడు నిమిషాల పది సెకన్లు నిండాయి, దీపం ఆరిపోయింది. పాట ముగింపుకు రాలేదు, ప్లేటులో చోటు అయిపోయింది. ఓబయ్య చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. ఎలా వచ్చిందని పిచ్చయ్యను అడిగాడు. "మూడో దాని దగ్గర బెదిరినావు," అన్నాడు పిచ్చయ్య. మొదటిసారి అక్కడే దీపం ఆరింది కాబట్టి రెండోసారి అక్కడికి రాగానే ఎక్కడ ఆర్పేస్తారో అని గబుక్కున అందుకున్నాడు. పిచ్చయ్య దాన్ని పట్టుకున్నందుకు ఓబయ్యకు ఆశ్చర్యం వేసింది.

ప్లేటు దీపావళి ముందు వచ్చింది. బస్సు వైపు రైలంత కాకపోయినా బాగానే పోయింది. రెండోవైపు గురించి ఆత్మకూరులో ఎక్కువమంది మాట్లాడలేదు. కాఫీ హోటల్లో ఒకసారి పెడితే, సూది దిగబడిందనుకుని ఒకాయన లేచి వచ్చి గ్రామఫోను డబ్బా మీద చరిచాడు. ఇద్దరు ముగ్గురు ప్లేటు వాపసు తెచ్చారు. రామనారాయణ వాళ్ళకు వేరే ప్లేట్లు ఇచ్చి, వాపసు వచ్చినవాటిని బీరువా వెనక పెట్టాడు. "నాకు మూడోసారి విన్నాక బాగనిపించింది. జనం మూడుసార్లు యాడ వింటారు?" అన్నాడు ఒకసారి ఓబయ్యతో, లెక్క చూసుకుంటున్న మనిషి మధ్యలో తలెత్తి వాన గురించి చెప్పినట్టు.

సంక్రాంతి పోయాక ఓబయ్య అతని దగ్గర గ్రామఫోను అడిగి తీసుకుని సీతారామపురం బస్సెక్కాడు. బస్సు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని పల్లెకు నడిచాడు. వెంగమ్మ గుడిసె ముందు వల బాగుచేసుకుంటూ కూర్చుంది. చెరువులో నీళ్ళు చేరాయి. ఆమె కళ్ళు మాత్రం ఇంకా మసకబారాయి. వలలో తెగినచోటు వేళ్ళతో తడిమి వెతుకుతోంది.

పల్లెలో వాళ్ళంతా చేరారు. ముందు బస్సు పెట్టమన్నారు, పెట్టాడు. నవ్వులయ్యాక ప్లేటు తిప్పి రెండోవైపు పెట్టాడు. వెంగమ్మ వల వదిలి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వింటున్నంతసేపూ ఎడమచెయ్యి కొంచెం కదులుతూనే ఉంది. కొందరు మధ్యలోనే లేచిపోయారు.

"మూడో రాయి పెద్దది," అంది ప్లేటు ఆగాక.

"అవునవ్వా."

"అంత బిరీన తిప్పలేవు దాన్ని. తొందరపడినావు."

"అవును. బెదిరినా అక్కడ."

"తక్కినయ్యి బాగుండాయి. ఆ ఐదోది ఉండాదే, అది నేను గూడా అంత బాగా తిప్పను." గ్రామఫోను వైపు మొహం తిప్పింది. "మళ్ళా పెట్టు. ఈసారన్నా మూడోది సరిగ్గా తిప్పుతాదేమో."

"తిప్పదవ్వా. ప్లేటు గదా. ఎన్నిసార్లు పెట్టినా అట్నే వస్తాది."

"అట్టా? అయితే దానికి నేర్పేదానికి లేదన్నమాట," అంది వెంగమ్మ. గ్రామఫోను మీద ఆసక్తి పోయి, మళ్ళీ వల అందుకుంది.

ఓబయ్య ఆ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. వెంట తెచ్చుకున్న క్లారినెట్ తీసి, మూడో రాయి మళ్ళీ ఊదాడు. ఈసారి చెయ్యి నలగలేదు. తోచినన్ని రాళ్ళు ఊదాడు. ప్లేటులో ఉన్నట్టు ఒకటీ రాలేదు, రావాలని అతను అనుకోనూ లేదు.

ఆ తర్వాత మూడో ప్లేటు చేయలేదు. కంపెనీ నుంచి ఏరోప్లేను గురించి రెండు ఉత్తరాలు వచ్చాయి. పెళ్ళిళ్ళలో రైలు అడిగితే రైలు, బస్సు అడిగితే బస్సు ఊదేవాడు. విసుగు చూపేవాడు కాదు. కూతలు రెండో మూడో లెక్క పెట్టుకోవడం మాత్రం మానేశాడు. అవతలివాళ్ళు తప్పంటే నవ్వేవాడు. అందరూ భోజనాలకు లేచాక, పందిట్లో వినేవాళ్ళు లేనప్పుడు, అడుగు స్వరాల్లో తనది మొదలుపెట్టేవాడు. పిచ్చయ్య అప్పుడు డోలు పక్కన పెట్టి, స్తంభానికి ఆనుకుని బీడీ కాల్చుకునేవాడు. రెండేళ్ళకు పైగా అలాగే జరిగింది.

1956 వైశాఖంలో ఆత్మకూరులో ఒక పెద్దింటి పెళ్ళి. భోజనాలకు మొదటి బంతి కూర్చుంది. పందిరి ఖాళీ అయింది. ఓబయ్య కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. ఒకచోట పెద్ద రాయి వచ్చింది, ఆగాడు. ఆగినచోటు ముగిసి మళ్ళీ శ్వాస అందుకునే క్షణాన, ఎడమవైపు నుంచి డోలు మీద ఒకే ఒక్క దెబ్బ పడింది. పుల్లతో కాదు, అరచేత్తో మెత్తగా. సరిగ్గా పడాల్సినచోటే పడింది.

ఓబయ్య కళ్ళు తెరవలేదు. ఊదుతూ పోయాడు. పిచ్చయ్య చాలాసేపు మళ్ళీ కొట్టలేదు. నాలుగైదు రాళ్ళ తర్వాత ఇంకొకటి కొట్టాడు. అది కొంచెం ముందే పడింది. ఓబయ్య దానికి తగ్గట్టు తన రాగం మళ్ళించుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరు ఎవరికోసం ఆగుతున్నారో చెప్పడం కష్టమైంది. వడ్డించేవాళ్ళలో ఒకడు ఖాళీ సాంబారు బకెట్టుతో అటు వచ్చి, కాసేపు నిలబడి విని, లోపల ఎవరో కేకేస్తే పోయాడు. మూడో బంతి కూర్చునేదాకా వాళ్ళు ఆపలేదు.